మెట్ల కింద ఎన్నాళ్లు

మా వీధిలో ఇస్త్రీ చేసే ఆవిణ్ణి అందరూ మెట్లకిందక్క అంటారు. మూడంతస్తుల మేడ మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే చోట ఆమె బల్ల. అత్తగారు వేసిన బల్లే. దాని కింద మూటల మధ్యే కూతురు పాకింది.

వీధి పాత కథలు సేకరించి గోడల మీద బొమ్మలుగా పెడతామంటూ ఇద్దరు ఆర్టిస్టులు, ఓ అమ్మాయీ అబ్బాయీ, వచ్చినప్పుడు అక్కకి ఒళ్లు మండింది. ఇలాగే నవ్వుతూ ఎవరో వచ్చి వెళ్లాకే కదా ఎదురుగా ఉన్న పంక్చర్ షాపు లేచిపోయింది.

"ఇక్కడ ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారక్కా?" అంది అమ్మాయి, బల్ల మీద రికార్డర్ పెట్టి.

అద్దెకున్నవాళ్లకి అది అమాయకమైన ప్రశ్న కాదు. పాతబడితే హక్కు అడుగుతారని ఓనర్ల భయం. పాతబడ్డామని పైకి తెలిస్తే గెంటేస్తారని వీళ్ల భయం. పైగా మెట్ల కింద బైకులు పెట్టుకోవాలని ఓనరు ఎప్పట్నుంచో చూస్తున్నాడు. ఈ బొమ్మలవాళ్లని ఆయనే పంపుంటాడు.

"ముందు నువ్వు చెప్పమ్మా. మీ ఇల్లెక్కడ? ఓనరు మంచోడేనా?"

అమ్మాయి తడుముకోకుండా అన్నీ చెప్పేసింది. దాంతో అక్కకి అనుమానం ఇంకా ముదిరింది.

"మొన్నమొన్ననే వచ్చాం. ఏడాదవుతుందేమో." కూతురు నోరు తెరవబోతే కాలు తొక్కింది.

పక్కన సెలూన్ బాబాయ్ ఇంకా నయం, తను సామాను కూడా విప్పలేదన్నాడట. వీధి వీధంతా కొత్తవాళ్లే అయిపోయారు.

కొన్నాళ్లకి మేడ గోడ మీద అక్క బొమ్మ వెలిసింది. కింద లావుపాటి అక్షరాలు: ఏడాది క్రితం వచ్చారు.

ఆ సాయంత్రమే ఓనరు దిగాడు. "నెలాఖరుకి ఖాళీ చెయ్యమ్మా."

"మా అత్త కాలం నుంచీ ఉన్నాం సార్."

"ఏ అత్త? గోడ మీద నువ్వే చెప్పుకున్నావుగా." బొమ్మని ఫొటో కూడా తీసుకున్నాడు.

అక్క వెళ్లి అమ్మాయిని నిలదీసింది. "ఇది రాయమన్నది ఆయనేగా?"

"మీరు చెప్పిందే రాశామక్కా. ఇప్పుడే తీసేస్తా."

"తీస్తే మాత్రం ఆయన దగ్గర ఫొటో లేదా? ఆ రికార్డు డబ్బా పెట్టు, మళ్లీ చెప్తా."

"భయపడి మాట మార్చారంటాడు. మీ అత్తగార్ని చూసినవాళ్లెవరైనా చెబితే..."

చూసినవాళ్లకి కొదవ లేదు. కానీ చూశానంటే తామూ పాతవాళ్లమని ఒప్పుకోవాలి. అక్క సెలూన్ గుమ్మంలో నిలబడింది.

"మా అత్త నీకు తెలుసా తెలీదా బాబాయ్?"

బాబాయ్ కత్తి ఆపి, ఓనరుండే పై అంతస్తు కిటికీ వైపు చూశాడు. "నా కొట్టు కూడా పోతుందమ్మాయ్."

"ఒక్కొక్కరమే నోరు మూసుకున్నాం కాబట్టే పోతోంది. ఇవాళ నాది, రేపు నీది."

ఆయన మళ్లీ గడ్డం గీయడంలో పడ్డాడు. అక్క వెనక్కి వచ్చి అమ్మాయి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. "నా ఫోన్లో కూడా రికార్డు పెట్టు పాపా. నీ మీద నమ్మకం కుదిరిందనుకోకు." తర్వాత గొంతు సవరించుకుని అత్త ముచ్చట మొదలుపెట్టింది.

సగంలో ఉండగా బాబాయ్ మెడ మీద తువ్వాలుతోనే వచ్చాడు. రికార్డర్ వైపు కాకుండా మేడ వైపు చూస్తూ, కాస్త గట్టిగానే అన్నాడు:

"నేనొచ్చేనాటికే ఆ ముసలమ్మ ఇక్కడుంది. నా పెళ్లి చొక్కా కాల్చింది ఆవిడే."