మూడు కాళ్ళ మీద నిలిచిన మా కాలేజీ

ఆ రోజుల్లో మస్కట్‌కు వచ్చిన మాలాంటి వాళ్ళ దగ్గర ఏముండేది గనక? ఒక ట్రంకు పెట్టె, దాన్లో ఊరగాయ జాడీ, నోట్లో తను చదివిన కాలేజీ పేరు. జాడీ రెండు నెలలకు ఖాళీ అయ్యేది. పేరు మాత్రం అరిగేది కాదు. ఎవరైనా ఆ పేరును తక్కువ చేసి మాట్లాడితే మనిషి ప్రాణం మీదికి వచ్చినట్టు లేచేవాడు. డెబ్బైల నాటి సంగతి చెబుతున్నాను. నేను మాత్రం ఇప్పటికీ లేస్తాను.

మస్కట్ పక్కనే రువీలో ఉన్న తెలుగువాళ్ళు కొందరు కలిసి అంతర్ కళాశాలల క్రీడా సమాఖ్య అని ఒకటి పెట్టుకున్నారు. గుంటూరులో చదివినవాళ్ళు ఒక కాలేజీ, కాకినాడలో చదివినవాళ్ళు ఒక కాలేజీ, నెల్లూరు, హైదరాబాదు కూడా అంతే. (తాము ఒమాన్‌లో ఒక సమాఖ్యకు సభ్యులమని ఆ ఊళ్ళ కాలేజీలకు ఎవరూ చెప్పలేదు.) వారమంతా కంపెనీల్లో గుమాస్తాలుగా, సైట్లలో ఫోర్‌మన్లుగా చేసేవాళ్ళు శుక్రవారం పొద్దున్నే ఎండిన వాగులో సున్నంతో గీతలు గీసుకుని, పెరుగుతున్న బొజ్జలతో తమ కాలేజీ పరువు కోసం పరుగెత్తేవాళ్ళు. కార్యదర్శి కాకినాడ ఆయన. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడేది, మాటకు ముందు రూలు వచ్చేది. మేమంతా ఆయన్ని రూల్సుగారు అనేవాళ్ళం.

నేను కడప జిల్లాలో ఓ చిన్న ఊరి కాలేజీలో చదివాను. పైన రేకులు, పక్కన గొర్రెల దొడ్డి. వానొస్తే లెక్చరరు మాటలు వినపడవు, ఎండాకాలం అసలు లెక్చరరే కనపడడు. మా కాలేజీని కూడా చేర్చుకోమని అడిగితే రూల్సుగారు అందరి ముందూ నవ్వారు. "ఒక్కరితో కాలేజీ ఏంటండీ? కనీసం ఇద్దరుండాలి. ఆ ఇద్దరూ ఒక పోటీ పూర్తి చెయ్యాలి. లేదంటే గుంటూరు వాళ్ళలో అతిథిగా ఆడండి, పాపం ఏమనుకోర్లెండి." ఆ 'పాపం' నాకు వారం రోజులు అన్నం సయించనివ్వలేదు. మీ రూలు ప్రకారమే వస్తాను చూడండి అని చెప్పి వచ్చేశాను. తీరా వెతికితే, ఒమాన్ మొత్తం మీద మా కాలేజీవాడు ఇంకొక్కడే తేలాడు. మత్రా రేవులో ఓడ సరుకులకు తాళ్ళు బిగించే పని. ఆ ఒక్కడితోనే నాకు మాటల్లేవు.

కారణం చెప్పాలి. అతను కాలేజీలో మా కబడ్డీ జట్టు కెప్టెన్. బండలాంటి మనిషి, అందుకే బండన్న. మేం జిల్లా కప్పు గెలిచిన రోజు ఫోటో తీస్తుంటే, "అబ్బీ, నువ్వు కొంచెం పక్కకు జరుగు, కప్పు కనపడల్యా" అన్నాడు. జరిగాను. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం జరిగాను. ఫోటో వచ్చాక చూస్తే కప్పు ఉంది, గొర్రెల దొడ్డి ఉంది, నేను లేను. ఆనాటి నుంచి అతనితో మాట్లాడలేదు.

మత్రాలో అతని రూముకు వెళ్ళినప్పుడు కూడా మాట్లాడలేదు. సంగతంతా అతని రూమ్మేటుకు హిందీలో చెప్పాను. మంచం మీద కూర్చుని వింటున్న బండన్న ఒక్కసారిగా లేచాడు. "మన రేకుల కాలేజీని అంతమాట అన్యాడా? పదబ్బీ, చూస్తాం!" నాకు కోపం ఉందన్న విషయమే అతను గమనించలేదు.

ఇద్దరే ఆడగల పోటీ ఒక్కటే ఉంది, మూడు కాళ్ళ పరుగు. నా ఎడమ కాలు, అతని కుడి కాలు కలిపి గుడ్డతో కట్టాలి. ముడి ఊడకూడదు, ఇద్దరూ గీత దాటాలి. పడితే లేవచ్చు, ముడి ఊడితే మాత్రం ఆ ఏటికి సభ్యత్వం లేనట్టే. ముడి బండన్నే వేశాడు. ఓడ సరుకును కట్టినట్టు కట్టాడు, నా పాదం నీలంగా మారింది. చుట్టూ జనం. "రేకులు ఎగిరిపోతాయ్ జాగ్రత్త!" అని గుంటూరువైపు నుంచి ఒకడు అరిచాడు. విజిల్ మోగింది.

ఈ పరుగులో ఎవరో ఒకరు అడుగులు పలకాలి. నేను పలకను, మాటల్లేవు గదా. బండన్న "ఒకటీ, రెండూ" అంటుంటే వేస్తూ పోయాను. సగం దూరం బాగానే వచ్చాం, నెల్లూరు జంటను దాటేశాం కూడా. అప్పుడు అతను నవ్వుతూ, "కాలేజీలో నువ్వు మన టీములో ఉంటే ఎంత బాగుండునబ్బీ!" అన్నాడు.

నేను ఆగిపోయాను. కాళ్ళు కట్టేసి ఉన్నాయి గనక అతనూ ఆగాడు.

"టీములోనే ఉన్నాను," అన్నాను. అన్నేళ్ళ తర్వాత అతనితో అన్న మొదటి మాట అదే. "ఫోటోలోంచి జరిపింది నువ్వే."

"ఏ ఫోటో?"

"కప్పు ఫోటో!"

"గుర్తుల్యాదబ్బీ. పా పా, ముందు పా!"

"గుర్తుకొచ్చేదాకా అడుగు వెయ్యను."

జనం గోల పెడుతున్నారు. మిగతా జంటలన్నీ గీత దాటేశాయి. రూల్సుగారు చేత్తో విజిల్ పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. అంతలో వెనక నుంచి హారన్ వినిపించింది. వాగంటే ఆ రోజుల్లో అక్కడ రోడ్డు కూడా అదే. నీళ్ళ ట్యాంకరు దుమ్ము లేపుకుంటూ నేరుగా మామీదికే వస్తోంది. డ్రైవరు తల బయట పెట్టి "యల్లా! యల్లా!" అని అరబ్బీలో తొందర పెడుతూ కేకలు. జనం గట్టు మీదికి పరుగెత్తారు. "ముడి విప్పుకుని పక్కకు దూకండయ్యా!" అని ఎవరో అరిచారు. నేను వంగి లాగాను. అది ఊడే ముడి కాదు.

"గుర్తుందని చెప్పన్నా!" అన్నాను, దాదాపు ఏడుస్తూ.

"ల్యాందాన్ని ఉందని ఎట్ల జెప్పేదిరా!" అంటూ బండన్న నా నడుం చుట్టూ చెయ్యి వేసి, బస్తాను ఎత్తినట్టు ఎత్తి, తన కాలితో పాటు నా కాలూ ఈడ్చుకుంటూ ఉరికాడు. గట్టువైపు కాదు, గీతవైపు. మేం గీత అవతల పక్కకు దొర్లిన మరుక్షణం ట్యాంకరు దాన్ని తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

రూల్సుగారు వచ్చి మా మీద నిలబడ్డారు. "ఇది పరుగు కాదండీ. ఆయన మిమ్మల్ని మోసుకొచ్చాడు."

"మోయగూడదని రూలుందా సామీ?" అన్నాడు బండన్న, దుమ్ము ఉమ్ముతూ. "ముడి జూస్కో."

ఆయన నిజంగానే వంగి ముడి లాగారు. రెండు చేతులా లాగారు. ఆఖరికి నడుం పట్టుకుని లేచి, "సరే, చేర్చుకుంటున్నాం. కెప్టెన్ ఎవరు?" అని అడిగారు. కాలేజీని వెతికి నిలబెట్టింది నేను. అవమానం పడింది నేను. నోరు తెరిచేలోగా బండన్న, "నేనే. ఈ అబ్బి వైసు" అన్నాడు.

ఇద్దరున్న కాలేజీలో వైస్ కెప్టెన్! గుడ్డను కత్తితో కోసేదాకా అతనికి అంటుకుపోయి నీడలో కూర్చుని, ఆ సంగతి మీద పోట్లాడుతూనే ఉన్నాను. తర్వాత ప్రతి శుక్రవారం పోట్లాడాను. అతను పల్లీలు ఒలిచి నా చేతిలో పోస్తూ, "అట్లనేలే అబ్బీ" అనేవాడు. ఏడాది తిరక్కుండానే అతన్ని కంపెనీ వేరే దేశానికి మార్చింది. ఆ వారం రూల్సుగారు నన్ను పిలిచి, చేరిన కాలేజీని తీసెయ్యాలని రూల్లో లేదు, ఇకమీద మీరే కెప్టెన్ అండీ అన్నారు. సంతోషించాల్సింది. వాగు దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

ఇప్పుడు తలుచుకుంటే నాలోని ఆనాటి కుర్రాడి మీద నవ్వొస్తుంది. ఒంటరి కెప్టెన్ పదవి కోసం ఎన్ని శుక్రవారాలు గొంతు చించుకున్నాడో! ఇద్దరిలో రెండోవాడిగా ఉన్న ఆ ఏడాదే బాగుండింది. అయినా నన్ను ఒక్కమాట అడక్కుండా తను కెప్టెనయిపోవడం మాత్రం తప్పే.