కండక్టరుగారి మూడో వరస

వీధిలో అందరూ ఆయన్ని సర్దుబాటాయన అనేవాళ్లు. సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ ఆయన నోటి నుంచి ఎక్కువగా వచ్చిన మాట "కొంచెం సర్దుకోండి". ఇద్దరి సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి, ఆ ముగ్గుర్నీ నవ్విస్తూ దింపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఒకసారి గొడుగులమ్మేవాడు మూటతో సహా ఎక్కి దారికి అడ్డంగా నిలబడితే, మూట విప్పించి తలా ఒక గొడుగు పట్టుకోమని ప్రయాణికులకు పంచిపెట్టాడు. దిగేటప్పుడు ఒక్కటి కూడా పోకుండా వాడి చేతికి అప్పగించాడు. మనసులు ఇరుకు కాకపోతే బస్సు ఇరుకు కాదని ఆయన సిద్ధాంతం.

ఉద్యోగం అయిపోయాక ఆయనా భార్యా పై వాటాలో, కూతురూ అల్లుడూ పిల్లలూ కింది వాటాలో ఉంటున్నారు. అల్లుడికి సొంత బేకరీ ఉంది. మనిషి తాడిచెట్టంత పొడుగు, మాట మాత్రం పొదుపు. పిల్లల్లో పెద్దది రెండో తరగతి, రెండోవాడికి మూడేళ్లు. మూడోది పుట్టేసరికి పాత కారు చాల్లేదు. దాంతో అల్లుడు మూడు వరసల పెద్ద కారు కొన్నాడు. ముందు ఇద్దరు, మధ్యన ముగ్గురు, వెనక ఇద్దరు.

"ఏడుగురం, ఏడు సీట్లు. ఇంక నాకేం పనుంది?" అన్నాడు కండక్టరు కాస్త దిగులుగానే.

పని ఉందని శనివారం తేలింది. మర్నాడు కొండ మీది ఊళ్లో ఉన్న వదినగారింటికి, అంటే భార్య అక్కగారింటికి, అందరూ వెళ్లాలని అనుకున్నారు. అల్లుడు పొద్దున్నే పిల్లల సీట్లు బిగించాడు. ఫుట్‌పాత్ వైపు తలుపు పక్కన మూడేళ్లవాడి సీటు, అటు చివర డ్రైవరు వెనక చంటిదాని సీటు, నడుమ పెద్దపిల్ల కూర్చునే ఎత్తుపీట. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

"మరి మేమెలా ఎక్కాలి?" అని అడిగింది అమ్మమ్మ.

అందరూ కారు వైపు చూశారు. వెనక వరసలోకి వెళ్లాలంటే మధ్య వరసలో చివరి సీటు ముందుకు వాలాలి. దాని మీద పిల్లల సీటు బిగించి ఉంటే అది వాలదు. ఇటు చివరా సీటే, అటు చివరా సీటే.

అల్లుడు తల గోక్కున్నాడు. కండక్టరు మాత్రం ప్యాంటు పైకి లాక్కుని, "దీనికింత ఆలోచనెందుకు, డిక్కీలోంచి వెళ్దాం" అని వెనక తలుపు ఎత్తి సీటు మీదుగా కాలేశాడు. ఒక కాలు అటు వెళ్లింది. రెండోది ఇటే ఉండిపోయింది. ముందుకీ వెనక్కీ కాకుండా సీటు మీద బోర్లా పడ్డ తాతని చూసి మూడేళ్లవాడు చప్పట్లు కొట్టాడు. అల్లుడు నడుం పట్టుకుని, "కొంచెం సర్దుకోండి మామయ్యా" అంటూ బయటికి లాగాడు.

ఆ మాట అల్లుడు కావాలనే అన్నాడో, అలవాటుగా వచ్చిందో తెలీదుగానీ, కూతురు నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది.

అమ్మమ్మ నవ్వలేదు. "నేను డిక్కీలోంచి ఎక్కను. నేనేమన్నా సామానునా? మీరు వెళ్లి రండి, నేను ఇంటి దగ్గరే ఉంటాను."

"నువ్వు లేకుండా మీ అక్క మమ్మల్ని గేటు దాటనిస్తుందా?" అని కండక్టరు చొక్కా దులుపుకుంటూ ఉపాయం చెప్పాడు. "చూడమ్మా, బుడ్డోడి సీటు ఇక్కడే తీసి పెట్టేయ్. మీ అమ్మ వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. రెండు గంటల ప్రయాణం, సర్దుకుంటే సరి."

"కుదరదు నాన్నా."

"మిమ్మల్నందర్నీ ఒళ్లో పెట్టుకునే పెంచాం కదే."

"పెంచారు. కాదనట్లేదు. కానీ బ్రేకు పడితే ఎంత గట్టిగా పట్టుకున్నా చేతులు ఆపలేవు. వీడు వీడి సీట్లోనే కూర్చుంటాడు, లేదంటే ఎవ్వరం వెళ్లం."

కండక్టరుకి ఎప్పటిదో ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. బస్సుకి కుక్క అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు తొక్కాడు. మొదటి సీట్లో తల్లి ఒళ్లోని పిల్లాడు ఎగిరి, ఎవరిదో బట్టల మూట మీద పడ్డాడు. గీత కూడా పడలేదు. కానీ ఆ తల్లి రెండు చేతులతోనూ గట్టిగానే పట్టుకుని ఉండటం ఆయన కళ్లారా చూశాడు. పిల్లాడు పడ్డాక కూడా ఆ చేతులు అలాగే ఉండిపోయాయి, మధ్యలో ఏమీ లేకుండా.

"నువ్వన్నది నిజమేనమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడ సర్దుబాటు పనికిరాదు. పద, ఈ సీట్లు అమ్మిన కొట్టుకే వెళ్దాం."

పిల్లల సామాన్ల కొట్లో సీట్లు బిగించడానికే ఒకావిడ ఉంది. మోకాళ్లకి మెత్తటి తొడుగులు కట్టుకుని, జేబులో టార్చిలైటు పెట్టుకుని కారులోకి దూరింది. సంగతంతా విని, "ఎంతమంది వెనక కూర్చుంటారు?" అని అడిగింది.

"మేమిద్దరం," అన్నాడు కండక్టరు. "కానీ మా ఆవిడకి మోకాళ్ల నొప్పి. నాకు నొప్పి లేదుగానీ పరువు పోయింది."

ఆవిడ నవ్వి మధ్య వరసని చూపించింది. ఆ వరస రెండు ముక్కలుగా ఉంది. డ్రైవరు వెనక ఇద్దరు కూర్చునేంత పెద్ద ముక్క, ఫుట్‌పాత్ వైపు ఒక్కరు కూర్చునే చిన్న ముక్క. "బిగించేవి రెండూ పెద్ద ముక్క మీదికి పోవాలి. చిన్న ముక్క మీద పాప ఎత్తుపీట ఉంటే చాలు. అది బిగించేది కాదు, చేత్తో తీసేయొచ్చు. సీటు వాలుతుంది, మీరు దర్జాగా వెళ్లొచ్చు."

చెప్పినంత తేలిగ్గా అవలేదు. చంటిదాని సీటు డ్రైవరు వెనకే ఉంచి, బుడ్డోడిది నడుమ పెడదామని చూశారు. చంటిదాన్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టాలి కాబట్టి ఆ సీటు డ్రైవరు సీటుని ముందుకు నెట్టేసింది. అల్లుడు స్టీరింగు ముందు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఉన్నాయి. "ఫరవాలేదండీ, నేను సర్దుకుంటాను," అన్నాడు పాపం.

"నువ్వూ మొదలెట్టావా?" అంది కూతురు.

అటుదిటు మార్చారు. బుడ్డోడిది డ్రైవరు వెనక, చంటిదాని సీటు నడుమ. ముందు సీట్ల మధ్య ఖాళీలోకి దాని వీపు చక్కగా ఒదిగింది. కానీ బుడ్డోడి సీటుకి పక్కన నీళ్లసీసా పెట్టే గిన్నె ఒకటి ఉంది. అది అడ్డొచ్చి చంటిదాని బెల్టు దాని కొక్కెంలో పడలేదు. అందరూ ఉసూరుమన్నారు. సీట్లావిడ కారు కాగితాలూ సీట్ల కాగితాలూ తిరగేసి, ఆ గిన్నె ఊడదీయొచ్చని చూపించింది. ఊడదీశాక బెల్టు టక్కుమని పడింది. ఇంత అందమైన చప్పుడు తన సర్వీసులో వినలేదని కండక్టరు ఆ తర్వాత చాలామందికి చెప్పాడు.

"ఇప్పుడు మీరు చూడండి. బెల్టు వెళ్లే చోట పట్టుకుని ఊపాలి. కదిలితే ఒక్క అంగుళం, అంతకు మించకూడదు," అందావిడ.

కండక్టరు ఊపాడు. సీటు కదల్లేదు, కారు ఊగింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆదివారం పొద్దున ఇంటి ముందు ఆయనకి పోయిన ఉద్యోగం తిరిగొచ్చింది. ఎవరు ఎప్పుడు ఎక్కాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. "వెనక వరస ముందు ఎక్కాలి. పాపా, నీ పీట తియ్యి. నువ్వు పదవే." అమ్మమ్మ చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, వాలిన సీటు పక్కనుంచి లోపలికి నడిచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూర్చుంది. కూర్చుని కాళ్లు చాపి చూసుకుంది. పూర్తిగా చాపలేకపోయినా ఆ మాట పైకి అనలేదు. ఆయన ఎక్కాడు. సీటు లేచింది, పీట వచ్చింది, పెద్దపిల్ల ఎక్కింది. చిన్నవాళ్లిద్దర్నీ అటువైపు తలుపులోంచి కూర్చోబెట్టారు, ముగ్గురికీ బెల్టులు పడ్డాయి. కూతురు ముందు కూర్చుని వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఇంకా గుమ్మం వైపు చూస్తున్నాడు, ఎవరన్నా మిగిలారేమోనని.

"అందరం ఉన్నాం నాన్నా. రైట్ చెప్పండి."

"రైట్ రైట్," అన్నాడు. కారు కదిలింది.

ఊరు దాటాక అమ్మమ్మ కిటికీలోంచి తల తిప్పి ఆయన్ని అదోలా చూసింది.

"ఏమిటి?"

"ఏం లేదు. మీరు కూర్చుంటే ఎలా ఉంటారో చూస్తున్నాను."

పెళ్లయిన కొత్తలో ఆవిడ కావాలని ఆయన బస్సే ఎక్కేది. ఆడవాళ్ల సీట్లలో కూర్చుని వెనక్కి చూస్తే, ఆయన జనం మధ్య సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉండేవాడు. టిక్కెట్టు ఇవ్వడానికి వచ్చి, అందరికీ చెప్పినట్టే "ఎక్కడికమ్మా?" అని అడిగేవాడు. బండిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నది ఎప్పుడో ఇద్దరికీ గుర్తులేదు. వెనక వరస ఇరుకు. భుజానికి భుజం తగుల్తోంది. ఆయన జరగబోతే ఆవిడ, "ఉండండి, అంతా బాగానే ఉంది," అంది.

మధ్య వరసలోంచి బుడ్డోడు, "తాతా, కొండ" అని అరిచాడు. తర్వాత కొండ కనబడ్డ ప్రతిసారీ అరిచాడు.

వదినగారు గేటు దగ్గరే నిలబడి ఉంది. ఒక్కొక్కరూ దిగుతుంటే, "ఇంకా ఉన్నారా? ఇదేమన్నా కారా, పుట్టా?" అని ఆశ్చర్యపోయింది. చివరికి చెల్లెలు నవ్వుకుంటూ దిగేసరికి పరుగెత్తుకొచ్చి కావలించుకుంది.

భోజనాలయ్యాక అందరూ చెరువు చూడ్డానికి బయల్దేరారు. వదినగారు తనూ వస్తానని చెప్పులేసుకుంది. "చెల్లి పక్కన కొంచెం సర్దుకుంటే నేనూ పట్టనూ?"

కూతురూ అల్లుడూ కండక్టరు వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "పట్టరు వదినా. ఏడు సీట్లు, ఏడు బెల్టులు. కానీ నా సీటు ఖాళీ. మీరు వెళ్లండి."

"మరి మీరు, మరిదిగారూ?"

"నేనూ అన్నయ్యా ఇక్కడే చదరంగం ఆడుకుంటాం," అన్నాడు, అరుగు మీదున్న వదినగారి భర్తని చూపిస్తూ.

అక్కాచెల్లెళ్లిద్దర్నీ ఆయనే వెనక వరసలో ఎక్కించి, సీటు లేపి, పీట పెట్టి, పెద్దపిల్లని కూర్చోబెట్టి తలుపు వేశాడు. చదరంగంలో వరసగా ఓడిపోయాడు, అయినా ఏమీ అనుకోలేదు. కారు తిరిగి వచ్చేటప్పుడు వీధి మలుపు నుంచే ఇద్దరి నవ్వులూ వినిపించాయి. అక్క దిగి, "మోకాళ్లు పట్టేశాయి కానీ, ఇంతలా నవ్వి ఎన్నాళ్లయిందో," అంది.

తిరుగుప్రయాణంలో వదినగారిచ్చిన జామపళ్ల బుట్ట వెనక వరసలో ఇద్దరి కాళ్ల మధ్యకి చేరింది. చంటిది నిద్రపోయింది. కొండలైపోయేసరికి బుడ్డోడు కూడా తల వాల్చాడు. అమ్మమ్మ ఒక పండు తుడిచి సగం కొరికి, మిగతా సగం ఆయనకిచ్చింది.

"వచ్చే ఆదివారం ఎక్కడికి?" అని అడిగింది.

"నువ్వెక్కడికంటే అక్కడికి."

ఆవిడ వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. తమ్ముడిల్లు, చిన్నప్పటి స్నేహితురాలి ఊరు, తన తల్లి ఎప్పుడూ చెప్పే జలపాతం. పెద్దపిల్ల వెనక్కి తిరిగి జంతువుల పార్కు చేర్చమంది. "సరే, అదీ," అని అమ్మమ్మ ఇంకో వేలు మడిచింది.