వాళ్ళు ఉపవాసమున్నారు, నేను తిన్నాను

సహోదరులారా, ఇబ్రహీంపట్నం చెరువులో నేను పట్టిన చేపను ఆటోలో వేస్తే తోక రోడ్డు ఊడ్చుకుంటూ వచ్చిందని చెప్పినవాణ్ణి నేనే, మీరు నవ్వారు, నవ్వండి. కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకు పాకిన ఆ చీకటి దినాల్లో నా నోట కథ కాదు కదా, మాటే రాలేదు! ఒళ్ళంతా నొప్పులు, మంచం దిగితే కాళ్ళు తేలిపోయేవి, అన్నం వాసనకే కడుపు తిప్పేది. విశ్వాసం చల్లారినందుకే ఈ నీరసమని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఉపవాస ప్రార్థన పట్టి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

నా భార్య సుగుణ గంజి గిన్నె పట్టుకుని ఏడ్చింది. "నువ్వు ఎండిపోతే దేవుడు సంబురపడ్తడా?"

"ప్రభువా, నా అవిశ్వాసం క్షమించు" అని గోడవైపు తిరిగాను.

చివరికి లేవలేకపోతే దవాఖానకు మోసుకుపోయారు. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "అన్నా, గిది భక్తి తక్కువై కాదు. గడ్డతోటి నీ ఒళ్ళు కొట్లాడుతున్నది. ఆ కొట్లాటకు లోపలంత వాపు, మంట. గా మంట ఎక్కువున్నోళ్ళకు శానమందికి ఆకలి చస్తది, నీరసం, నొప్పులు పెరుగుతయ్. గడ్డను మాయం చెయ్యలేను గని, మందులిస్తే బాధ జర తగ్గొచ్చు. ఉపవాసం మాత్రం బంద్!" అంది.

అది విని పాస్టరుగారు సంఘంతో, "ఆయన తింటడు, ఉపవాసం మనముందం" అన్నారు. మందులు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అందరూ ఖాళీ కడుపులతో మా ఇంట్లో చాపల మీద కూర్చుని ప్రార్థిస్తుంటే, సుగుణ నా ముందు వేడి జొన్న గట్క, చింతచిగురు పప్పు పెట్టింది. సంఘమంతా కళ్ళు మూసుకుంది, ముక్కులు మూసుకోలేదు!

"ప్రభువా, ఈ ఒక్క ముద్ద దిగనియ్యి" అన్నాను.

మా పక్కింటి యాదగిరన్న ఒక కన్ను తెరిచాడు. "జల్ది తినరాదే! ఆ వాసనకు మా ఉపవాసం ఖరాబైతున్నది!"

ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది, ఆ నవ్వుతోపాటే ముద్ద దిగింది, తర్వాత ఇంకొకటి! హల్లెలూయా!

గడ్డ ఇంకా నాలోనే ఉంది, దాని మీద కథలల్లను. కానీ నొప్పి తగ్గింది, ఇవాళ నా కాళ్ళతో నడిచి మీ ముందు నిలబడ్డాను, దేవుడు నన్ను శిక్షిస్తున్నాడన్న భయం నుంచి ఆయనే నన్ను విడిపించాడు. దేవునికే మహిమ! మీ ఇంట్లో మంచాన పడినవారిని విశ్వాసం తక్కువని గుచ్చకండి, వాళ్ళ బాధ డాక్టరుకు చెప్పండి, ప్రభువును నమ్మి పక్కన కూర్చోండి. ముద్ద దిగనివారెవరైనా ఉంటే నాకు కబురు పెట్టండి, వచ్చి ప్రార్థిస్తాను. నేను ఉపవాసముండటానికి డాక్టరమ్మ ఒప్పుకోదు గనుక, నా బదులు యాదగిరన్న ఉంటాడు!