సత్యవేణి జ్వరం మెయిలు

2023 మార్చి. అమలాపురంలో ఓ డిగ్రీ కాలేజీ ఎగ్జామ్ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని నేను. పరీక్షల మెయిళ్ళన్నీ నా దగ్గరికే వస్తాయి. వాట్సాప్‌లో రామాయణమంత కబుర్లు చెప్పే పిల్లలు, మెయిల్ అనేసరికి స్కూల్లో బట్టీపట్టిన సెలవు చీటీ దింపేస్తారు. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్..." పెళ్ళికెళ్ళినా జ్వరమే, తీర్థానికెళ్ళినా జ్వరమే. పేరుండదు, రోల్ నంబరుండదు. సబ్జెక్ట్ లైన్, అంటే మెయిల్ దేని గురించో ఒక్క ముక్కలో చెప్పాల్సిన చోట "సర్" అని ఉంటుంది. నేనేమో మేడమ్‌ని. చదివి చదివి ఒళ్ళు మండిపోయేది.

ఆ నెల్లో ఫైనలియర్ కెమిస్ట్రీకి ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్ జరిగింది. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చి పెట్టే పరీక్ష అది. ఒకసారి తప్పితే యూనివర్సిటీ ఒప్పుకుంటేగానీ మళ్ళీ పెట్టరు. మర్నాడు ఓ జ్వరం మెయిలొచ్చింది. పేరు సత్యవేణి, ఊరు ఓడలరేవు. ఈ పిల్ల రోల్ నంబరు కూడా వేసింది, ఇంగ్లీషు శుభ్రంగా ఉంది. రూలు ప్రకారం మెడికల్ సర్టిఫికెట్ పంపమని జవాబిచ్చేను. ఇంకోసారి గుర్తుచేసేను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మార్కులు పంపే గడువు దగ్గరపడుతుండగా తనే వచ్చింది.

"సర్టిఫికెట్ ఏదమ్మా?"

"లేదండీ. వైజాగ్‌లో మందుల కంపెనీ వాళ్ళు ఉద్యోగానికి తీసుకున్నారండి. ఈ సెమిస్టర్ పోతే చేర్చుకోరండీ."

"జ్వరమొస్తే ఏ డాక్టరుకీ చూపించుకోలేదా?"

"నాకు జ్వరం రాలేదండి. మా నాన్నగారు సముద్రం మీద చేపల వేటకెళ్ళి రాలేదండీ."

ప్రాక్టికల్‌కి ముందురోజు పడవ తిరగబడిందట. ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చేరు, ఈమె తండ్రి రాలేదు. ఇక్కడ పరీక్ష జరుగుతున్నంతసేపూ ఈ పిల్ల అక్కడ తల్లిని పట్టుకుని ఇసకలో కూచుంది.

నాకు కోపమే వచ్చింది. "ఇంత జరిగితే జ్వరమని రాస్తావా? బుర్రుందా నీకు?"

"స్కిల్స్ క్లాసులో చెప్పేరండి, మెయిల్ ప్రొఫెషనల్‌గా ఉండాలి, ఇంట్లో ఏడుపులు రాయకూడదని. జ్వరమైతే అందరూ రాస్తారు కదాండీ."

ఆ క్లాసు చెప్పినవాణ్ణి మనసులోనే నాలుగు తిట్టి, ఆ పిల్లని నా కంప్యూటర్ ముందు కూచోబెట్టేను. "పైన పేరు, నంబరు, ఏ పరీక్షో వెయ్యి. మొదటి వాక్యంలో నీకేం కావాలో అడుగు. రెండోదాంట్లో ఏం జరిగిందో చెప్పు. బతిమాలకు, సాగదియ్యకు."

"ఆయ్" అని మొదటి వాక్యం టకటకా కొట్టేసింది. రెండోదాని దగ్గర చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

"చనిపోయేరని రాయాలాండీ?"

నేను నోరు తెరిచేలోపే తనే చెప్పింది. "ఇంకా దొరకలేదండి. మా అమ్మ ఆ మాట ఎవర్నీ అననివ్వదండీ. పక్కింటావిడ ఓదార్చడానికొస్తే మొహం మీదే తలుపేసేసింది."

స్పష్టంగా రాయండ్రా అని ఇన్నేళ్ళుగా పిల్లల ప్రాణం తీసేను. అప్పుడు మాత్రం ఏ మాట స్పష్టమో నాకూ తెలీలేదు. "నీకు తెలిసినంతే రాయమ్మా" అన్నాను. తండ్రి వేటకెళ్ళి తిరిగి రాలేదనీ, ఇంకా వెతుకుతున్నారనీ రాసింది. పోలీసులకిచ్చిన ఫిర్యాదు నకలు అటాచ్ చేయించి, ప్రిన్సిపాల్ గారి సిఫార్సుతో యూనివర్సిటీకి పంపించేను.

రెండ్రోజుల్లో అనుమతి వచ్చింది. తర్వాత ఆ పిల్ల పరీక్ష రాసింది, పాసైంది, వైజాగ్ ఉద్యోగంలో చేరింది. జరిగింది జరిగినట్టు రాస్తే అవతల చదివేది మనిషేనని ఇప్పటి పిల్లలకి ధైర్యంగా చెబుతున్నాను. అలా రాయడం రాసేవాళ్ళకి ఎంత కష్టమో తెలుసుకుని చెబుతున్నాను, అంతే తేడా. ఎవరైనా రాయలేక కూచుంటే ఇదివరకట్లా తొందరపెట్టను.

అనుమతి వచ్చిన రోజు ఫోన్ చేస్తే ఆటో పట్టుకుని వచ్చింది. ప్రింటు తీసి చేతికిచ్చేను. "తండ్రి మరణం దృష్ట్యా ప్రత్యేకంగా అనుమతించడమైనది" అని ఉంది అందులో. అక్కడివాళ్ళు దయతోనే రాసుంటారు. సత్యవేణి నిలబడే చదివింది, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"నేనలా రాయలేదు కదండీ?"

"లేదమ్మా, రాయలేదు."

"మరి వాళ్ళకెలా తెలిసిందండీ?" అని అడిగింది.