బట్టల కవ్వం

మా బాపు బట్టలు చాకలి తీసుకునేవాడు కాదు. బాపు ఇనుప కార్ఖానాలో ఫిట్టరు. ఆ చమురూ మసీ పట్టిన చొక్కాలు బానలో వేస్తే వాడలో అందరి బట్టలూ నల్లబడతాయని చాకలి దండం పెట్టి మరీ చెప్పాడు. అందుకని శాలిబండలో మా ఇంటి వాకిట్లో వాటిని అమ్మే ఉతికేది. మా బావి నీళ్ళు ఉప్పన, సబ్బు నురగ రాదు. బట్టల సోడా గుప్పిళ్ళతో పోసి, మరిగే నీళ్ళలో నానబెట్టి, చేత్తో రుద్దాల్సిందే. యుద్ధం మొదలైన కొత్తలో, నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు, అమ్మ చేతులు పగిలాయి.

ఏదో గరుకుదేలడం కాదది. వేళ్ళ మొదళ్ళలో చర్మం చీలి నెత్తురు వచ్చేది. అన్నంలో తొక్కు కలుపుకుంటే కళ్ళనీళ్ళు తిరిగేవి. హకీం ఏదో లేపనం ఇచ్చి, పగుళ్ళు మూసుకునే దాకా సోడా నీళ్ళలో చెయ్యి పెట్టొద్దన్నాడు. ఆయనకేం, చెప్పి పోయాడు.

నా బాధ వేరు. అమ్మ నాకు జడ వేయడం మానేసింది. పాయలు తీస్తుంటే ఆ పగుళ్ళలో నా వెంట్రుకలు చిక్కుకునేవి. నాకు లాగేది, ఆమెకు నెత్తురొచ్చేది. ఒకరోజు నేను అబ్బా అన్నాను. మర్నాటి నుంచి నా తల నాయనమ్మ పాలైంది. నాయనమ్మ జడ వేస్తే కనుబొమ్మలు నెత్తికెక్కేవి. అదైనా భరించాను గాని, ఆ అబ్బా ఎందుకన్నానా అని ఈ వయసులో కూడా నన్ను నేను తిట్టుకుంటాను.

బొల్లారంలో ఒక దొర ఇల్లు ఖాళీ చేస్తూ సామాను నీలాం వేస్తున్నాడని విని బాపు పోయాడు. సాయంత్రం ఎడ్లబండి మీద ఒక చెక్క పీపాతో దిగాడు. దానికి మూడు కాళ్ళు, పైన మూత, మూతకు ఇనుప పిడి. పిడి తిప్పితే లోపల చెక్క గూటాలు అటూ ఇటూ తిరిగి బట్టలను కుమ్మేవి. బట్టలుతికే మిషన్ అన్నాడు బాపు. నాయనమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇది బట్టల కవ్వం, వెన్న వస్తే నాకింత పెట్టండి అంది. మా ఇంట్లో దానికి ఆ పేరే నిలిచిపోయింది.

మగవాడు బట్టలుతుకుతున్నాడని నలుగురూ నవ్వుతారని బాపు పొద్దున్నే వాకిలి గడియ పెట్టి పిడి తిప్పేవాడు. గడియ పెడితే ఏం లాభం, ఆ చప్పుడు సందు మొదటి దాకా వినిపించేది. పాలు పోసే ఆమె మా ఇంట్లో పిండి గిర్నీ పెట్టారనుకుంది. పిండడం మాత్రం నేనూ బాపూ చెరో కొస పట్టుకొని మెలిపెట్టేవాళ్ళం. అమ్మ గడప మీద కూర్చొని, పని లేని చేతులను ఒళ్ళో పెట్టుకొని, సిగ్గుపడుతూ చూసేది.

ఆ కూర్చోవడం ఏ రోజూ ఎంతోసేపు సాగేది కాదు. మొదటి రోజే పీపా కారింది. పావుగంటలో సగం సోడా నీళ్ళు బండల మీదికి వచ్చాయి. బాపు వద్దు వద్దంటూనే ఉన్నాడు, అమ్మ పాత గుడ్డ తీసుకొని తుడవడం మొదలుపెట్టింది. తడి బండ కనిపిస్తే ఆమె చెయ్యి ఆగదు. ఏ చేతుల కోసం ఆ పీపా ఇంటికొచ్చిందో ఆ చేతులే మళ్ళీ సోడాలో మునిగాయి, ఈసారి గరుకు బండకు రాసుకుంటూ.

బాపుకు పౌరుషం వచ్చింది. పీపా బయటంతా పొడి ముగ్గుపిండి రాసి, లోపల నీళ్ళు పోసి, తెల్లపిండి ముందు ఎక్కడ తడుస్తుందా అని గొంతుక్కూర్చొని చూశాడు. అడుగున నీళ్ళు వదిలే బిరడా దగ్గర తడిసింది. కొత్త బిరడా చెక్కి, గుడ్డ చుట్టి బిగించాడు. అక్కడ ఆగింది, పలకల సందుల్లో మొదలైంది. చుట్టూ ఉన్న ఇనుప పట్టీలను సుత్తితో దిగ్గొట్టాడు. లాడ్‌బజార్ గాజులవాళ్ళ దగ్గర లక్క తెచ్చి కరిగించి పోశాడు. వేడినీళ్ళకు లక్క మెత్తబడి ఊడొచ్చింది. మైనం నింపితే అదీ అంతే. చివరికి తారు పూశాడు. తారు నిజంగానే ఆపింది, ఒకే ఒక్క ఉతుకు. ఆ ఉతుకులో, కారడం లేదన్న సంబరంలో బాపు వేసిన నాయనమ్మ తెల్లచీర కూడా ఉంది. నల్లచారలతో బయటికొచ్చిన ఆ చీరను నాయనమ్మ నాలుగు రోజులు దండెం మీదే ఉంచింది, వచ్చినవాళ్ళందరూ చూసి పోవాలని.

ఇందులో నా వంతు పని కూడా ఒకటుంది. ఉతకడం అయ్యాక పీపాను కడిగి, లోపల పొడిగుడ్డతో తుడిచి, ఎండలో బోర్లించడం. కడిగిన గిన్నెకు ఎండ తగలకపోతే నీచు వాసన పోదని అమ్మ నేర్పిందే. నేను ఇంకో ఆకు ఎక్కువే చదివాను. నీడ జరిగితే పీపాను జరిపేదాన్ని. బడి నుంచి రాగానే ముట్టుకొని చూసేదాన్ని, చెయ్యి చుర్రుమనేది, సంతోషించేదాన్ని. దాన్ని ఎంత బాగా చూసుకుంటే అమ్మ చేతులు అంత తొందరగా మానతాయని నా నమ్మకం. ఎండలు ముదిరే రోజులవి, ఎండకు కొదవ లేదు.

మూడు వారాలయ్యే సరికి అమ్మ చేతులు మునుపటికన్నా పాడయ్యాయి. చపాతీ పిండి నాయనమ్మే కలపాల్సి వచ్చింది. ఆ పొద్దున కూడా వాకిలంతా నీళ్ళైతే బాపు గొడ్డలి తెచ్చి గోడకు ఆనించాడు.

"ఇగ నాతోని గాదు. దీన్ని కట్టెలకు కొట్టేస్త," అన్నాడు.

అమ్మ, పోనియ్యండి, నా చేతులకు అలవాటే అంది. బాపు ఆ చేతుల వంక చూసి తల తిప్పుకున్నాడు. బాపు ఓడిపోవడం నేను అప్పుడే చూశాను. అయినా నా పని నేను మానలేదు, పీపాను తుడిచి ఎండలో బోర్లించాను.

ఆ సమయానికే భిష్తీ చాచా వచ్చాడు. తోలుతిత్తి వీపున వేసుకొని ఇంటింటికీ మంచినీళ్ళు పోసే ముసలాయన. మా గోళెం నింపి, మూతి తుడుచుకుంటూ పీపాను చూశాడు. దాన్ని ఎండలో ఎవరు బోర్లించారని అడిగాడు. నేనే, రోజూ నేనే అని గొప్పగా చెప్పాను. ఆయన దగ్గరికి పోయి పలకల సందులో గోరు పెట్టి చూశాడు. గోరు లోపలికి పోయింది.

"నా తిత్తిని ఒక్కదినం ఎండల పెడితే ఏమైతదో ఎర్కనా బేటీ? బిగుసుకపోయి చీలుతది. అందుకే పని లేని దినం గూడ రెండు చెంబుల నీళ్ళు దాంట్ల ఉంచుత. కట్టె గూడ గంతే. నీళ్ళు తాగితే ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకుంటది. భాయ్, నువ్వేమో దప్పికైనదానికి తారు తాపుతున్నవ్."

మా ఇంట్లో తడి అంటే అందరికీ శత్రువే. బాపు పుట్టి బుద్ధెరిగి ఇనుముతోనే బతికాడు, ఇనుముకు తడి తగిలితే తుప్పు. అమ్మకు తడి గిన్నె అంటే వాసన. నాకేమో అమ్మ చెప్పిందే వేదం. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తర్వాత నాకు అర్థమైంది. ఇన్నాళ్ళూ అమ్మ చేతులను సోడాలో ముంచింది నేనే.

వంటింటి తలుపు వెనక్కి పోయి ఏడ్చాను. అమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"నా కోసమే గదనే బిడ్డా ఎండబెట్టినవ్. ఊకో," అంది. అరచెయ్యి నా చెంపలకు గీరుకుంటుందని, వెనకచేత్తో నా కళ్ళు తుడిచింది.

బాపు లక్కా తారూ గీకేశాడు. పీపాను నీడలోకి జరిపి బావినీళ్ళతో నింపాం. కారుతున్నా ఊరుకోవాలని, మళ్ళీ మళ్ళీ నింపుతూనే ఉండాలని చాచా చెప్పి పోయాడు. మొదటి రోజు ఎంత పోస్తే అంత పోయింది. నీళ్ళు నేనే మోశాను, ఎవరినీ మొయ్యనివ్వలేదు. రెండో రోజు సగం నిలిచింది. మూడో రోజు సాయంత్రం బాపు నేల తుడిచి, దాని కింద పొడి ముగ్గుపిండి చల్లాడు. తెల్లారి చూస్తే పిండి చల్లింది చల్లినట్టే ఉంది. బాపు ఆ పొడి పిండిని వేలికి అద్దుకొని అమ్మకు చూపించాడు. నాయనమ్మ మాత్రం, నా చీర సంగతేంది కొడుకా అంది.

ఆ రోజు నుంచి బట్టల కవ్వంలో ఎప్పుడూ రెండు బిందెల నీళ్ళు ఉండేవి. అమ్మ చేతులు మానడానికి నెలన్నర పట్టింది. ఒక పొద్దున నేను నాయనమ్మ ముందు కూర్చోబోతుంటే అమ్మ దువ్వెన తీసుకొని, ఇటు రమ్మని పిలిచింది. మెల్లగా పాయలు తీసింది. మధ్యలో ఆగి, గుంజుతుందా అని అడిగింది. లేదన్నాను. ఒకటి రెండు చోట్ల వెంట్రుకలు చిక్కాయి, చెప్పలేదు.

జడ అయిపోయింది. పలక పట్టుకొని బయల్దేరాను. సందు మలుపు తిరిగాక ఆగి, రిబ్బను లాగి, జడంతా విప్పేసుకున్నాను. మళ్ళీ ఇంటికి పోయి, ఊడిపోయిందని చెప్పి, అమ్మ ముందు కూర్చున్నాను. అమ్మ నా ముఖం వంక ఒక్క క్షణం చూసి, మళ్ళీ దువ్వెన అందుకుంది.