సూరమ్మ గారి పంక్తిలో చివరి ఆకు

నా మాట మీకు నమ్మబుద్ధి కాదు. తెలుసు. ఊళ్లో సగం కట్టుకథలు నా నోట పుట్టినవే. ఇదొక్కటి మాత్రం... అబద్ధమైతే నా కళ్లు పోతాయి, నిజం.

కొత్తగా కాలువలు తవ్వుతున్న రోజులు. అక్కకి నెలలు నిండాయి. తవ్వకం పనికి అమలాపురం వెళ్లిన బావని తీసుకురమ్మని నన్ను రాజోలు నుంచి పంపింది. "పురిటి వేళకి ఆయన నా కళ్లెదుట ఉండాలిరా" అంది.

నేను అమలాపురం చేరిన రాత్రి బావా నేనూ సూరమ్మ గారి పూటకూళ్లింటికి భోజనానికి వెళ్లాం. వెనకటి కరువులో ఆ వీధిలోనే గంజి పోసేవారట. గంజి తమ దాకా రాకుండానే వరసలో ఎంతమందో ఒరిగిపోయారట. అందుకే ఆవిడ పంక్తి చివర ఒక ఆకు ఎక్కువ వేస్తుంది. అన్నీ వడ్డిస్తుంది. అక్కడ ఎవరూ కూర్చోరు.

ఈ సంగతి నాకు తెలుసు. బావకి తెలియదు.

"ఆ చివర కూర్చో బావా, నెయ్యి ఎక్కువ పడుద్ది" అన్నాను.

కూర్చున్నాడు. సూరమ్మ గారు పులుసు గిన్నెతో వస్తూ చూసింది. "అయ్యో బాబూ, అక్కడ కాదండీ! లేవండి!"

అప్పటికే ముద్ద నోట్లో ఉంది. "ఆకలి మీదున్నానండి పిన్నిగారూ. ఏ ఆకైతే ఏంటండీ?"

నాకు నవ్వాగలేదు. ఇంకాస్త బెదిరిద్దామని... పక్కనున్న ఆముదం దీపాన్ని ఉఫ్‌మని ఊదేశాను.

చీకటి.

తింటూండగా దీపం పోతే ఏం చేస్తాం? ఆకు మీద చెయ్యి కప్పి, మళ్లీ వెలిగేదాకా మెదలకుండా కూర్చుంటాం. అందరం అలాగే కూర్చున్నాం. "ఇదేంటి, పొయ్యిలో నిప్పు కూడా ఆరిపోయింది" అని సూరమ్మ గారు గొణుక్కోవడం వినిపించింది. నేను ఊదింది దీపం ఒక్కటే...

చెకుముకి రాయి. టక్... టక్...

"ఏరా, నా చేతి మీద చెయ్యేసేవేంటి?" బావ గొంతు.

"నా చెయ్యి నా ఆకు మీదే ఉంది బావా."

"వేళాకోళాలొద్దురా. తియ్యి... చల్లగా ఉంది."

టక్... టక్...

అప్పుడు విన్నాను. ఆకు మీద గోళ్లు గీరుతున్న చప్పుడు. సర్ర్... సర్ర్... మెల్లగా. మెతుకు మెతుకూ తడుముకుంటున్నట్టు. ఒక చెయ్యి కాదు... చాలా చేతులు.

వెలుగొచ్చింది. బావ ఆకు తుడిచిపెట్టినట్టుంది. ఆయన వేళ్లకి ఒక్క మెతుకూ అంటి లేదు.

"మళ్లీ పెట్టమంటారా?" అంది సూరమ్మ గారు. బావనే అడిగిందో, ఇంకెవరినో.

"వద్దండి. ఆకల్లేదండి" అన్నాడు బావ.

ఆ తర్వాత ఆయనకి ఆకలి వేయనే లేదు. అక్క కలిపి పెట్టేది. ముద్ద నోటిదాకా వెళ్లేది... దించేసేవాడు. కొడుకుని చూసుకున్నాడు. వాడికి పేరు పెట్టే రోజుకి మాత్రం బావ లేడు.

దీపం ఊదింది నేనేనని అక్కకి ఈనాటికీ చెప్పలేదు. "ఆఖరికి నన్నేమైనా తలుచుకున్నారట్రా?" అని అడుగుతూ ఉంటుంది. తలుచుకున్నాడక్కా, అంటాను.

ఆయన పోయే వేళ పక్కనున్నది నేనొక్కడినే. జావ గిన్నె నోటి దగ్గర పెడితే, బావ గుమ్మం వైపు చూస్తూ చేత్తో తోసేశాడు. "ముందు వాళ్లకి పొయ్యరా" అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలో నాకెవరూ కనబడలేదు. కనబడలేదంటే... లేరనేనా?