అక్క కోటలో నల్లగుండీ

బస్టాండులో అనౌన్సరుగా పనిచేసి రిటైరైన అతన్ని ఇప్పటికీ అందరూ మైకు అనే పిలుస్తారు. అసలు పేరు ఎవరికైనా గుర్తుందో లేదో అనుమానమే. అద్దాల గదిలో కూర్చుని "మూడో నంబరు ప్లాట్‌ఫారంలో ఉన్న బస్సు బయల్దేరుతోంది" అని అతనంటే, చివరి ప్లాట్‌ఫారంలో నిద్రపోతున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి సంచులు సర్దుకునేవాళ్ళు. కరెంటు పోతే కిటికీ తీసి అరిచేవాడు. అప్పుడే ఇంకా బాగా వినపడుతోందని డ్రైవర్లు ఆటపట్టించేవాళ్ళు.

ఇంట్లోనూ అంతే. అతను రహస్యం చెబితే పక్కింటివాళ్ళు బదులిచ్చేవాళ్ళు. నవ్వేవాళ్ళతో పాటు తనూ నవ్వేవాడు గానీ, లోపలెక్కడో చివుక్కుమనేది. ఒక్కసారైనా ఎవరి కంటా పడకుండా, ఎవరి చెవినా పడకుండా ఒకచోట ఉండి చూడాలని అతని కోరిక. ఆ కోరిక ఎవరికని చెప్పుకుంటాడు? చెబితే వీధంతా వినపడుతుందాయె!

అది తీరే దారి చివరికి అక్క ఇంట్లో దొరికింది. అక్క బట్టలు కుడుతుంది. ముందుగదే కొట్టు. సెలవురోజు మధ్యాహ్నం మిషను మీద గుడ్డ కప్పేసి, బట్టలు కత్తిరించే పెద్దబల్ల ఖాళీ చేసేది. మేనకోడలు కాలేజీ స్నేహితుల దగ్గర నేర్చుకొచ్చిన ఆటొకటి ఆ బల్ల మీద మొదలైంది. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు ఆ కథలో తలో పాత్ర అవుతారు, తెగించి చేసిన పని ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. కథ చెప్పే పని అక్కది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దతోనే బల్ల మీద కోట గీసేది. పాత్రలకి గుండీలు పెట్టేది. బావ లారీ మెకానిక్కు. ఆయనది పెద్ద కోటుగుండీ, కత్తివీరుడు. మేనకోడలిది తెల్లగుండీ, మంత్రగత్తె.

"నీకేం కావాల్రా?" అని అడిగింది అక్క.

"కనపడకూడదు, వినపడకూడదు. అలాంటిదేమన్నా ఉందా?"

"నింజా అంటారు మామయ్యా," అంది మేనకోడలు.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మైకు నింజానా! వీడు బయల్దేరకముందే రాజుగారికి కబురెళ్ళిపోతుంది."

అతను పట్టు వదల్లేదు. పాత్రకి పంచుకోమని ఇచ్చిన పాయింట్లు దాదాపు అన్నీ చురుకుదనానికీ, నక్కి తిరగడానికీ పోశాడు. బలానికి ఏదో అడుగూబొడుగూ మిగిలింది. మాటకారితనానికి ఏరికోరి సున్నా పెట్టించుకున్నాడు. సన్నని బాకు, కొక్కెం కట్టిన తాడు, విసిరితే పొగ కమ్మేసే ఉండలు తీసుకున్నాడు.

"ఒక కవచమన్నా తొడుక్కోరా, ఒక్క దెబ్బకే పోతావ్," అంది అక్క.

"గలగలమంటుందక్కా, వద్దు."

గుండీల డబ్బా అంతా కెలికి, అన్నిటికన్నా చిన్న నల్లగుండీ ఏరుకున్నాడు.

అక్క మాత్రం తక్కువదా? సొంతంగా ఒక నియమం పెట్టింది. నల్లగుండీ నక్కి ఉన్నంతసేపూ తమ్ముడు నోరు మెదపకూడదు, మెదిపితే గుండీ దొరికిపోయినట్టే. వేలితో చూపించొచ్చు, తలూపొచ్చు, అంతే. అయ్యో పాపం! మొదటివారం పాచిక బాగా పడిందని "అబ్బ!" అని అరిచి దొరికిపోయాడు. మరోవారం బావ కావాలని ఒక బస్సు నంబరు తప్పు చెబితే, ఉండబట్టలేక సరిదిద్ది మళ్ళీ పట్టుబడ్డాడు.

అయినా వదిలే మనిషి కాదు. మెల్లమెల్లగా నోరు కట్టేసుకోవడం అలవాటైంది. అలా కూర్చుంటే ఆ ఇంట్లో ఎన్ని చప్పుళ్ళున్నాయో తెలిసొచ్చింది. లేచేటప్పుడు బావ మోకాళ్ళు టక్కుమంటాయి. అబద్ధమాడబోయే ముందు మేనకోడలు పెన్సిలు కొరుకుతుంది. ఇన్నేళ్ళూ తన గొంతు కింద ఇవన్నీ నలిగిపోయాయా అనుకున్నాడు. ఆ మధ్యాహ్నాలంత హాయి అతనికి మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు తలుచుకున్నా కళ్ళు చెమరుస్తాయి.

వానాకాలమంతా ఆడిన కథ చివరికొచ్చింది. కత్తివీరుడూ మంత్రగత్తే చెరలో ఉన్నారు, తెల్లారితే ఉరి. కాపలావాడి నడుముకున్న తాళంచెవి నల్లగుండీ కాజేస్తే ముగ్గురూ బయటపడతారు. దొరికితే అందరి కథా ముగిసినట్టే. గుండీ కాపలావాడి వెనక్కి చేరింది. ఈసారి గెలిస్తే జన్మలో ఎవరూ మైకుని వెక్కిరించలేరు.

"కాపలావాడు... కునికిపాట్లు... పడుతున్నాడు," అంది అక్క.

మాటమధ్యలో అలా ఆగడం ఈమధ్యే మొదలైంది. కథ రక్తి కట్టించడానికే అనుకుని మేనకోడలు మురిసిపోయేది. మైకుకి మాత్రం అక్క ఆగినప్పుడల్లా సన్నని ఈలలాంటి చప్పుడు వినపడింది. కిందటివారమూ విన్నాడు, ఆటలో పడి పట్టించుకోలేదు. ఇప్పుడు బల్ల అంచుని గట్టిగా పట్టుకున్న ఆమె చెయ్యి కూడా చూశాడు. ఇంకొక్క పాచిక పడ్డాక అడుగుదామా అని మనసు పీకింది. తాళంచెవి చేతికందే దూరంలో ఉంది మరి!

"వాడి నడుముకి..." అక్క మళ్ళీ ఆగింది.

"అక్కా, ఆపు!" కిటికీ అద్దాలు అదిరాయి.

"మామయ్యా! ఎంతపని చేశావ్!" మేనకోడలు తల పట్టుకుంది.

"నోరు విప్పావు, దొరికిపోయావ్," అంది అక్క కోపంగా.

"దొరికితే దొరికాను. నీకు ఊపిరి అందట్లేదక్కా. ఎన్నాళ్ళనుంచి?"

"మెట్లెక్కితే... కాస్త ఆయాసం. గుడ్డల దుమ్ము... అంతే."

బావ ముఖం పాలిపోయింది. ఇంజను దగ్గితే చాలు జబ్బేమిటో చెప్పేసే మనిషి, పక్కనున్న భార్య ఆయాసం వినలేకపోయాడు. అప్పటికప్పుడు బయల్దేరదీశారు. ఆస్పత్రిలో గుండె కవాటం బాగా పాడైందని, ఇంకొన్నాళ్ళైతే చెయ్యిదాటిపోయేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి పంపకుండా ఆపరేషను ఖాయం చేశారు.

ఆపరేషను రోజు ఉదయం, థియేటరు తలుపు దగ్గర, లోపలికి తీసుకెళ్ళబోతుంటే అక్క తమ్ముణ్ణి దగ్గరికి పిలిచింది. భయం ఆమె కళ్ళల్లో కనపడుతూనే ఉంది. అయినా కథ చెప్పే గొంతు తెచ్చుకుంది.

"భటులు... చుట్టుముట్టారు. పారిపోడానికి... ఒక్క కిటికీ ఉంది. ఏం చేస్తావ్రా?"

మెల్లగానే చెబుదామనుకున్నాడు. ఏడుపు తన్నుకొచ్చేసరికి ఇన్నాళ్ళ సాధనా గాల్లో కలిసిపోయింది.

"ఎక్కడికీ పోనక్కా! ఇక్కడే ఉంటా!"

పక్క వార్డులో పడుకున్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు. నర్సు తిట్టుకుంటూ పరుగున వచ్చింది. అక్క నవ్వుతూనే లోపలికెళ్ళింది. ఆమెని మళ్ళీ బయటికి తెచ్చేదాకా అతను ఆ తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.